శస్త్రచికిత్స గర్భస్రావం: నొప్పి నివారణకు ఏ మత్తుమందు మేలు?

గర్భం తొలి మూడు నెలల్లో గర్భస్రావానికి వాక్యూమ్ ఆస్పిరేషన్ పద్ధతిని విస్తృతంగా అనుసరిస్తున్నారు. ఈ ప్రక్రియ సాధారణంగా 10 నిమిషాల్లోపే ముగుస్తుంది. అయితే చాలా సందర్భాల్లో మహిళ మెలకువతోనే ఉంటుంది కనుక నొప్పి నివారణ కీలకం. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఎయిమ్స్, పండిత్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల వంటి పెద్ద సంస్థలు ఉన్నాయి. మత్తు వైద్య నిపుణులు లేని చిన్న ఆస్పత్రులకు మాత్రం ఎక్కడైనా స్థానిక మత్తుమందే ప్రధాన ఆధారం.

విధానం

గర్భాశయ ముఖద్వారం చుట్టూ మందును సూదితో ఎక్కించడాన్ని పారాసర్వైకల్ బ్లాక్ అంటారు. 14 వారాల్లోపు శస్త్రచికిత్స గర్భస్రావాల్లో దీనితోపాటు ఐబుప్రోఫెన్ తరహా నొప్పి నివారణ మందులనూ అందించాలని, పూర్తి మత్తును అలవాటుగా వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. గర్భాశయం పైభాగపు నాడులపై ఈ సూదిమందు ప్రభావం పరిమితం కనుకనే రెండూ అవసరం.

మందుల మధ్య తేడాలు

లిగ్నోకెయిన్: లిడోకెయిన్ అన్నా ఇదే. కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. చవక, సులభంగా లభిస్తుంది.

బుపివకెయిన్: ప్రభావం నెమ్మదిగా మొదలై గంటల తరబడి ఉంటుంది. పొరపాటున రక్తనాళంలోకి వెళితే గుండెకు ముప్పు ఎక్కువ. స్వల్ప ప్రక్రియకు ఇంత దీర్ఘ ప్రభావం అవసరం లేదు.

క్లోరోప్రొకెయిన్: రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ప్రభావం స్వల్పకాలమే.

అందువల్ల సాధారణంగా లిగ్నోకెయిన్‌కే ప్రాధాన్యం.

మోతాదే కీలకం

అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ గరిష్ఠ పరిమితి కిలో శరీర బరువుకు 4.5 మి.గ్రా. 1 శాతం ద్రావణం 20 మి.లీ.లో 200 మి.గ్రా. మందు ఉంటుంది. 40 కిలోల మహిళకు పరిమితి 180 మి.గ్రా. మాత్రమే. 2 శాతం ద్రావణాన్ని పలుచన చేయకుండా అంతే పరిమాణంలో ఇస్తే మందు 400 మి.గ్రా.కు చేరుతుంది. కాబట్టి ముందుగా బరువు చూడడం తప్పనిసరి.

అమెరికాలో 120 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. సూది వేసేటప్పుడు నొప్పి కలిగినా, ముఖద్వారాన్ని విస్తరించే సమయంలోనూ ఆస్పిరేషన్ సమయంలోనూ లిగ్నోకెయిన్ నొప్పిని గణనీయంగా తగ్గించినట్లు అందులో తేలింది.

చెవుల్లో హోరు, పెదవుల తిమ్మిరి, నోట్లో లోహపు రుచి మందు మోతాదు మించినట్లు తెలిపే తొలి సంకేతాలు. వెంటనే సిబ్బందికి చెప్పాలి.

1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన మహిళ సమ్మతి ఒక్కటే చాలు. భర్త అనుమతి అవసరం లేదు. ఏ మత్తుమందు, ఎంత మోతాదులో ఇస్తున్నారో సమ్మతి తెలిపే ముందే వైద్యుని అడిగి తెలుసుకోవచ్చు.