కాటమరాన్, ట్రైమరాన్

కాటమరాన్, ట్రైమరాన్ అనేవి ఒకటికంటె ఎక్కువ దోనెలను పక్కపక్కన కలిపి నిర్మించే పడవలు. సమానమైన రెండు దోనెలు గలది కాటమరాన్. నడుమ పెద్ద దోనె, దానికి ఇరువైపులా చిన్న దోనెలు గలది ట్రైమరాన్. ఈ వ్యాసం వీటిలో తెరచాపతో నడిచే పందెపు పడవలను, విహార పడవలను గురించినది.

పేరు, పుట్టుక

కాటమరాన్ అన్న ఆంగ్ల పదానికి మూలం "కట్టుమరం" అనే తమిళ పదం. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప అని దీని అర్థం. అటువంటి తెప్పలను ఆంధ్ర తీరపు మత్స్యకారులు కూడ వాడేవారు. అయితే తెప్పలో విడివిడి దోనెలు ఉండవు. నేటి కాటమరాన్ రూపానికి ఆధారం పసిఫిక్ దీవులలోని పాలినీషియన్ల జంట పడవలు. అమెరికా దేశస్థుడైన నథానియల్ హెరెషాఫ్ రూపొందించిన అమారిలిస్ అనే కాటమరాన్ 1876లో న్యూయార్క్ పందెంలో ఒంటి దోనె పడవలను వెనుకకు నెట్టింది. పోటీదారులు అభ్యంతరం చెప్పడంతో అటువంటి పడవలకు ఆ పందేలలో చోటు లేకుండా పోయింది.

స్థిరత్వం

గాలికి ఒరిగిన ఒంటి దోనె పడవను దాని అడుగున కీల్‌లో ఉండే సీసం వంటి బరువు తిరిగి నిలబెడుతుంది. కాటమరాన్‌కు ఆ బరువు ఉండదు. దోనెల మధ్య గల ఎడమే దానిని నిలబెడుతుంది. అందువలన పడవ తేలికగా ఉంటుంది, దోనెలను సన్నగా, పొడవుగా మలచవచ్చు. సన్నని దోనె నీటిలో తక్కువ అలలను లేపుతుంది కనుక నిరోధం తగ్గి వేగం పెరుగుతుంది.

గాలివైపు దోనె నీటినుండి పైకి లేచే సమయానికి కాటమరాన్ నిలదొక్కుకునే శక్తి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఇంకా ఒరిగితే ఆ శక్తి క్రమంగా తగ్గిపోతుంది. బోల్తాపడిన పెద్ద కాటమరాన్ తనంతట తాను లేవదు. దానిని నిలబెట్టిన వెడల్పే తలకిందులుగా కూడ స్థిరంగా ఉంచుతుంది. అయితే సీసపు బరువు లేనందున సాధారణంగా మునగదు. నావికులు దానినే ఆశ్రయించి సహాయానికై వేచి ఉండవచ్చు.

పందెపు పడవలు

వీటిని ముఖ్యంగా కార్బన్ ఫైబర్‌తో నిర్మిస్తారు. కొన్నింటికి నీటిలో రెక్కల వంటి ఫాయిల్స్ అమర్చుతారు. వేగం పుంజుకున్నపుడు ఇవి దోనెలను నీటిపైకి ఎత్తివేస్తాయి. ఇద్రోప్తేర్ అనే ఫ్రెంచి ట్రైమరాన్ 2009లో 500 మీటర్ల దూరాన్ని సగటున 51.36 నాట్ల (గంటకు సుమారు 95 కి.మీ.) వేగంతో దాటింది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికా కప్ పోటీలు 72 అడుగుల కాటమరాన్‌లతో జరిగాయి. వాటికి ముందు మే నెలలో సాధన చేస్తుండగా ఒక పడవ బోల్తాపడి, బ్రిటిష్ ఒలింపిక్ విజేత ఆండ్రూ సింప్సన్ మరణించాడు. ఆపై పందెం జరపదగిన గాలి వేగపు పరిమితిని తగ్గించారు.

విహార పడవలు

విహార కాటమరాన్‌లో వేగంకంటె నివాస సౌకర్యానికి ప్రాధాన్యం ఉంటుంది. దోనెలలో పడక గదులు, వాటిని కలిపే వేదికపై వంటగది, కూర్చునే గది ఉంటాయి. ఈ వేదిక నీటికి మరీ దగ్గరగా ఉంటే అలలు దాని అడుగు భాగాన్ని బలంగా కొడతాయి. సామాను ఎక్కువైతే దోనెలు లోతుకు దిగి, ఆ ఎత్తు, దానితోపాటు వేగం కూడ తగ్గుతాయి. పడవ పెద్దగా ఒరగదు కనుక, గాలి మితిమీరిన సంగతి నావికునికి పడవ తీరునుబట్టి తెలియదు. కనుక ఎంత గాలికి ఎంత తెరచాప దించాలో తెలిపే పట్టికను ముందుగానే సిద్ధం చేసుకొని పాటించడం అవసరం.