తాత్పర్యం: గ్రంథం నుండి పద్యానికి – తెలుగు పాఠబోధనలో ఒక పదచరిత్ర

తెలుగు తరగతిలో ‘తాత్పర్యం’ అనగానే ప్రతిపదార్థం చెప్పిన తరువాత పద్యానికి వచనంలో చెప్పే సారాంశం గుర్తుకు వస్తుంది. పరీక్షాపత్రంలోనూ ఆ మాటకు అదే అర్థం. శాస్త్రాలలో దాని పరిధి వేరు. ‘తత్పరం’ అన్న మాట నుండి పుట్టిన ఈ పదం, చెప్పేవాడు ఏ అర్థాన్ని ఉద్దేశించి మాటలు కూర్చాడో దానిని సూచిస్తుంది. మీమాంసకులు, వేదాంతులు ఒక ప్రకరణం మొత్తం ఏ అర్థం వైపు నడుస్తున్నదో నిర్ణయించడానికి దీనిని వాడారు. గ్రంథాన్ని పట్టిచూపిన పదం ఒక్క పద్యానికి పరిమితం కావడాన్ని కేవలం అర్థసంకోచంగా భావించి వదిలివేయలేము. రచయిత తన భావాన్ని ఎట్లా పెంచుకుంటూ పోయాడన్న ప్రశ్న పాఠబోధన నుండి తప్పుకొన్న తీరు ఆ పదచరిత్రలో కనిపిస్తుంది.

ఆరు లింగాలు

ప్రకరణ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి పూర్వులు ఆరు లింగాలను, అంటే గుర్తులను చెప్పారు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అన్నవి అవి. సదానందుని ‘వేదాంతసారం’ వీటిని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయానికి అన్వయించి చూపింది. ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువుకు చేసిన ఆ ఉపదేశంలో ఒకే వాక్యం తొమ్మిదిసార్లు వస్తుంది. పైకి చూస్తే ఇది పునరుక్తి. కాని తేనె, నదులు, మర్రివిత్తు, నీటిలో కరిగిన ఉప్పు అంటూ దృష్టాంతం మారుతూ ఉంటుంది. మాట అదే అయినా ప్రతిసారీ శిష్యుడు దానిని వినే చోటు వేరు. దీనికే అభ్యాసమని పేరు. మట్టిని, మట్టిపాత్రలను చూపి చెప్పిన యుక్తి ఉపపత్తి.

ఈ లింగాలు పుట్టింది శ్రుతివాక్యార్థ నిర్ణయం కోసమే గాని సాహిత్యబోధన కోసం కాదు. వాటిని యథాతథంగా కథకూ కవితకూ అంటగట్టడం అతివ్యాప్తి అవుతుంది. ‘అపూర్వత’ వంటిది కావ్యంలో నేరుగా నిలవదు కూడా. అయినా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, ఏది తిరిగి తిరిగి వచ్చింది, దేనిని యుక్తితో నిలబెట్టారు, దేనిని కేవలం ప్రశంసించారు అన్న ప్రశ్నలు ఏ రచనకైనా వేయదగినవే.

వ్యాఖ్య, టీక, పరీక్ష

కావ్యవ్యాఖ్యాతల పని వేరు. మెదక్ ప్రాంతపు కొలచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలను అన్వయక్రమంలో వివరిస్తానని, మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. శ్లోకమే ఆయన ప్రమాణం. అది లోపం కాదు. కావ్యమంతటినీ గురుముఖంగా చదివేవాడికి ఆ వ్యాఖ్య ఊతం. సి. పి. బ్రౌన్ పూనికతో జూలూరి అప్పయ్య వ్యాఖ్యానించగా 1851లో వెలువడిన మనుచరిత్రలో ఆ పద్ధతి అచ్చులోకి దిగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత పరిస్థితి మారింది. కావ్యం పాఠ్యభాగమైంది, పాఠ్యభాగం ప్రశ్నలుగా చీలింది. ఊతం మిగిలింది గాని నడవవలసిన దారి కురచయింది. టీకాతాత్పర్యాలు చేతిలో ఉన్న విద్యార్థికి ఈ పద్యం ఇక్కడే ఎందుకు ఉన్నదని అడగవలసిన అవసరం కలగలేదు.

ఆ ప్రశ్నను బలంగా అడిగినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఆయన పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆ కావ్యంలో కథ కాలక్రమంలో సాగదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే లోకంలో జరుగుతున్నదని పాఠకుడికి చాలా దూరం నడిచాక గాని తెలియదు. అటువంటి రచనను పద్యం పద్యంగా విడదీస్తే అందాలు దొరకవచ్చు గాని కావ్యం దొరకదు. అభిరుచిలో కట్టమంచికి ఎంతో దూరమైన విశ్వనాథ సత్యనారాయణ ‘నన్నయగారి ప్రసన్న కథాకలితార్థయుక్తి’లో కథనంలో అర్థం ఎట్లా కలిసిపోయిందని విచారించడం గమనార్హం. దారులు వేరైనా ఇద్దరి చూపూ నిర్మాణం మీదనే ఉంది. విచారకరమైన విషయం ఏమిటంటే, తరగతి గది వారి నిర్ణయాలను స్వీకరించింది గాని వారి పద్ధతిని స్వీకరించలేదు. ‘కట్టమంచి అభిప్రాయం’ కంఠస్థం చేయదగిన మరొక తాత్పర్యమైంది.

‘దిద్దుబాటు’లో పూర్వపక్షం

1910లో ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’కు కథాసారాంశం పది పంక్తులలో రాయవచ్చు. వేశ్య పాట విని రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. అతడు పశ్చాత్తాపపడతాడు. చివరికి ఆమె మంచం కింద నుండి నవ్వుతుంది. ఇంతవరకు సరే. రచయిత భావం ఎట్లా ఎదిగిందన్నది ఇందులో లేదు.

సేవకుడు రాముడు ఆడవాళ్ల చదువును ఆక్షేపిస్తాడు. శాస్త్రపరిభాషలో అది పూర్వపక్షం. దానిని ఖండించేవాడు తప్పుచేసిన గోపాలరావే. కమలిని అలిగి ఉత్తరం రాయగలగడానికి ఆ చదువే కారణం. అంటే తనను దోషిగా నిలబెట్టిన విద్యనే అతడు సమర్థిస్తున్నాడు. ఎవరూ వినడం లేదనుకొని చెప్పిన ఆ మాటలు విననక్కరలేదని అతడు అనుకొన్న మనిషికే చేరాయి. స్త్రీవిద్యపై గురజాడ ఎక్కడా ఉపన్యసించలేదు, సిద్ధాంతాన్ని దోషి నోట పలికించాడు. సారాంశంలో మొదట జారిపోయేది ఈ సంభాషణే. పైకి అది కథను ముందుకు నడపని హాస్యంలా కనిపిస్తుంది.

ఉపక్రమంలో తలుపు కొట్టే భర్త గొంతు, ఉపసంహారంలో భార్య నవ్వు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థికి మరొక చిక్కు ఎదురవుతుంది. ఇక రాత్రిళ్లు ఇల్లు కదలనన్న వాగ్దానం భార్యకు ఎదురుగా చేసినది కాదు, సేవకుడి ద్వారా పంపబోయినది. నవ్వు తరువాత గోపాలరావు ఏమన్నాడో కథ చెప్పదు. దిద్దుబాటు జరిగిందా, దిద్దుబాటుకు సాక్షి మాత్రమే దొరికిందా అన్న ప్రశ్నకు ‘భర్త మారాడు’ అన్న ఒక్క వాక్యపు తాత్పర్యం జవాబు కాజాలదు.