సర్వ్‌లెట్
‘సర్వర్’ అనే మాటకు, ఇంగ్లీషులో ‘చిన్నది’ అనే అర్థాన్నిచ్చే ‘లెట్’ ప్రత్యయం చేరి ‘సర్వ్‌లెట్’ ఏర్పడింది. 1995లో జావా ప్రోగ్రామింగ్ భాషతోపాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచిన ‘యాప్లెట్’కు జోడుగా, సర్వర్ వైపు నడిచే ప్రోగ్రాముకు ఈ పేరు స్థిరపడింది. యాప్లెట్ కనుమరుగైనా దాని తోబుట్టువు నిలిచింది.

ఏ చిరునామాకు వచ్చిన రిక్వెస్టు ఏ సర్వ్‌లెట్‌కు చేరాలో నిర్ణయించే జతకూర్పును మ్యాపింగ్ అంటారు. పేజీ దొరకలేదని చెప్పే ‘404’ దోషాల్లో పెక్కింటికి మూలం ఇక్కడే ఉంటుంది. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లో రిక్వెస్టులను పంచిపెట్టే డిస్పాచర్ సర్వ్‌లెట్‌కు ‘/’ అని రాస్తే, మరే మ్యాపింగ్‌కూ కుదరని చిరునామాలు మాత్రమే దానికి చేరతాయి. ‘/*’ అని రాస్తే, అది జవాబును చూపే జేఎస్‌పీ పేజీకి పంపిన రిక్వెస్టు సైతం తిరిగి దాని వద్దకే వచ్చి, పేజీ ఉండి కూడా దొరకదు.

ఇంతకన్నా తికమకపెట్టేది పేరు మార్పు. సర్వ్‌లెట్ ప్రమాణం భాగంగా ఉన్న జావా ఈఈ బాధ్యత ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు మారాక, ట్రేడ్‌మార్కు హక్కుల కారణంగా, 2020లో వెలువడిన దాని వారసు జకార్తా ఈఈ 9లో ‘జావాఎక్స్.సర్వ్‌లెట్’ ప్యాకేజీ ‘జకార్తా.సర్వ్‌లెట్’ అయింది. పాత ప్యాకేజీలోని అనోటేషన్‌తో మ్యాపింగ్ రాసిన సర్వ్‌లెట్‌ను, సర్వ్‌లెట్లను నడిపే సర్వర్ అయిన టామ్‌క్యాట్ 10 గుర్తించదు గనుక, లాగ్‌లో ఫిర్యాదేమీ లేకుండానే 404 ఎదురవుతుంది.