నిప్పురవ్వ జాడ

వెనుకటి రేడియోలలో పాట వినుచుండగా, వీధిలో మోటారు పోయినప్పుడెల్ల చిటపట ధ్వని వినవచ్చుట మనకు అనుభవమే. అది ఇంజనులో పెట్రోలు ఆవిరి నంటించు విద్యుత్తు రవ్వ చేసిన అల్లరి. ఆ రవ్వ తప్పిన బండి కదలదు. ఎచట తప్పినదో కనుగొనుట కారు పుట్టిన నాటి చిక్కు.

1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా, కుమారులిద్దరిని వెంటబెట్టుకొని, మన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు కారులో పోయెను. దూరము 100 కిలోమీటర్లకు పైమాట. దారిలో రవ్వతీగ తొడుగు ఒరసిపోగా, ఆమె తన మేజోళ్ల పట్టీనే దానికి చుట్టి ప్రయాణము సాగించెనని చెప్పుదురు.

1908లో వచ్చిన ఫోర్డు 'మోడల్ టి'తో ఈ పరీక్ష సామాన్యుని చేతికి అందెను. అందు నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు. చాలకాలము అవి డ్రైవరు ఎదుటనే ఒక పెట్టెలో నుండెడివి. ఒక్కొక్కదానిపై నున్న ఉక్కునాలుక తన వంతు రాగానే తుమ్మెదవలె ఝుమ్మనును. ఇంజను తడబడినచో డ్రైవరు ఆ నాలుకలను ఒక్కొక్కటిగా వ్రేలితో అదిమిపట్టెడివాడు. మంచి సిలిండరుదానిని అదిమిన ఇంజను మరింత కుంటును. దేనిని అదిమినను ధ్వని మారదో అచటనే దోషము. పిదప ఆ కాయిలును పొరుగుదానితో మార్చును. దోషము కాయిలు వెంట పోయినచో తప్పు దానిదే. ఉన్నచోటనే యున్నచో ప్లగ్గునో తీగనో చూడవలెను. ఇంత సుబోధమైన పరీక్ష తరువాతి కార్లలో మాకు కనబడలేదు. అన్నట్లు, అమెరికాలో ఔత్సాహికులు తొలినాళ్లలో ఈ ఫోర్డు కాయిళ్లతోనే వైర్‌లెస్ సంకేతములు పంపిరి!

చార్లెస్ కెట్టరింగ్ 1910 నమూనా కాడిలాక్‌కు కూర్చిన పద్ధతినుండి పెరిగిన ఏర్పాటులో కాయిలు ఒక్కటే. కాంటాక్టు పాయింట్లు విడిపోగానే అందు వేల వోల్టుల విద్యుత్తు పుట్టును. డిస్ట్రిబ్యూటరు దానిని ప్లగ్గులకు వంతులవారీగా పంచును. మన అంబాసిడర్, ఫియట్ కార్లును దశాబ్దములపాటు దీనితోనే నడచినవి. ఒక సిలిండరు మాత్రమే తప్పిన ప్లగ్గును, దాని తీగను అనుమానింతురు. అన్నియు తప్పిన కాయిలును, పాయింట్లను, కండెన్సరును. కండెన్సరు చెడినచో రవ్వ బలహీనపడును, పాయింట్లు త్వరగా కాలిపోవును. వాటిని ఆకురాయితో రుద్ది సరిపెట్టుకొన్నవాడు కొలదిదినములకే మరల బండి తోయవలసివచ్చెడిది.

నేడు అనేక కార్లలో మరల ప్లగ్గునకొక కాయిలు వచ్చినది. ఇంజను వేగములోని స్వల్పమైన తడబాటును కంప్యూటరు లెక్కించి, ఏ సిలిండరు తప్పినదో సంకేతముగా చెప్పును. అమెరికాలో 1996 నుండి కొత్త కార్లకు ఇట్టి ఏర్పాటు విధిగా నుండవలెను. కాని తప్పు కాయిలుదో ప్లగ్గుదో ఆ సంకేతము తేల్చదు. అందుకై మెకానిక్కు నేటికిని కాయిలును పొరుగుదానితో మార్చియే చూచుచున్నాడు.