రేనాటి సంగటి: పథ్యానికి రుచి చేకూర్చిన పరంపర

కడప జిల్లాలోని కలమల్ల తెలుగు భాషాచరిత్రలో చిరస్మరణీయ గ్రామం. అక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలోని ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతపు తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తారు. ఆ రేనాటి సీమకు మరొక విద్య కూడా పరంపరాగతమే. అది పథ్యాన్ని ప్రియంగా మలచే పాకవిద్య.

పెన్న, కుందూ నదులు ప్రవహిస్తున్నా రేనాడు అల్పవర్ష ప్రదేశం. నల్లరేగడిలో జొన్న, మెట్టభూముల్లో కొర్ర, రాగి పండేవి. వరి చెరువుల క్రింద, కాలువల క్రింద మాత్రమే. తృణధాన్యాలు బలవర్ధకాలే గాని స్వభావతః రూక్షాలు. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు అధిక్షేపించినట్లు చెప్పే చాటువులు ప్రసిద్ధం. మహాకవి నిందించిన ధాన్యాన్నే సామాన్య గృహిణి ఆదరణీయం చేసింది.

ఆమె ఉపాయం సరళం. ఉడుకుతున్న నూకలో రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గెలికితే పచ్చివాసన పోయి సంగటి మృదువవుతుంది. ముద్ద నడుమ గుంటచేసి నేయి పోస్తే రూక్షత్వం శమిస్తుంది. గోంగూర, చింతపండు ఆమ్లరసాన్ని, పప్పు పుష్టిని, ఊరుబిండి కటురసాన్ని చేకూరుస్తాయి. ధాన్యానికి కొరవడిన గుణాన్ని ఉపదంశం పూరిస్తుంది.

ఈ పరంపర జడం కాదు. నేటి ఊరుబిండికి ప్రాణమైన మిరపకాయ, చెనిక్కాయ రెండూ అమెరికా ఖండం నుండి వచ్చినవే. మిరప పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశం చేరింది. అంతకు పూర్వం కారానికి మిరియం, పిప్పలి, శుంఠి ఆధారాలు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణిస్తూ ఋతువుకు తగిన వంటకాలను పేర్కొన్నాడు. శీతకాలపు కూరలకు మిరియపు పొడి, వేసవికి పలుచని చల్లని పానీయాలు. అక్కడ రుచి, ఆరోగ్యం పరస్పర విరుద్ధాలు కావు.

శాస్త్రసమ్మతి కూడా ఇదే. గీత పదునేడవ అధ్యాయంలో సాత్త్వికాహారం ఆయురారోగ్యాలతో పాటు ప్రీతిని కూడా పెంచేదని, అది రసవంతమై హృదయానికి ఇంపుగా ఉండాలని భగవానుడు ఉపదేశించాడు. నీరసాన్ని తామసంగా, అతి కారాన్ని, అతి ఆమ్లాన్ని రాజసంగా నిర్దేశించాడు. కనుక రుచి నిషిద్ధం కాదు, అతి మాత్రమే నిషిద్ధం. కన్నడ భక్తకవి కనకదాసు రామధాన్యచరిత్రలో వరికి, రాగికి వివాదం కల్పించి, ఆరు నెలల బంధనాన్ని తట్టుకొని నిలిచిన రాగికే రాముడు తన రాఘవ నామాన్ని ప్రసాదించినట్లు చెప్పాడు.

1983లో కిలో 2 రూపాయల బియ్యం పేదల క్షుద్బాధను తీర్చింది. క్రమంగా వరియన్నమే నిత్యభోజనమై, సంగటి వెనుకబడింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించిన పిమ్మట పలువురు మరల కొర్రను, రాగిని ఆశ్రయించారు. అయితే ఉప్పు, పులుపు, నేయి సర్వం వర్జించి ఔషధంలా మింగేవారు దీర్ఘకాలం నిలువలేరు. ద్వేషంతో భుజించిన పథ్యం వ్రతభంగానికే దారితీస్తుంది.

ఆలయ పాకశాలలో నైవేద్యాన్ని ముందుగా రుచిచూడరు. అయినా కట్టెపొంగలిలో మిరియం, దధ్యోదనంలో అల్లం తప్పక పడతాయి. జీర్ణానికి హితమైనదే జిహ్వకూ ఇంపు కావాలన్నది అక్కడి సంప్రదాయం. గృహంలోని సంగటిముద్దకూ అదే శ్రద్ధ లభిస్తే పథ్యం ప్రసాదమవుతుంది.

స్వస్తి.