రెండు రోజుల ఏకాంతం ఎక్కడ పుట్టింది?

శుక్రవారం సాయంత్రం చేతిసంచీతో వచ్చి, ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక ఇళ్లకు మళ్లే విచారణ రిట్రీట్‌ను చూసి, ఉద్యోగస్తుల కోసం కుదించిన కొత్త ఏర్పాటు అనుకుంటారు చాలామంది. దాని వేళ్లు చాలా లోతున ఉన్నాయి. జనం రాకపోకలతో తిండికైనా తీరిక దొరకని శిష్యులను యేసు నిర్జన ప్రదేశానికి రమ్మన్న సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలోనే ఉంది.

అయితే రిట్రీట్‌కు ఒక పద్ధతి ఏర్పడింది మాత్రం ఒక సైనికుడి కాలు విరిగాక. 1521 మే 20న స్పెయిన్‌లోని పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లయోలా మంచాన పడ్డారు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల పేరులో ఉన్నది ఈయనే. కాలక్షేపానికి వీరగాథలు అడిగితే ఇంట్లో అవి లేవు. క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు ఇచ్చారు. చదివాక ఏ తలపు మనసును వెలితిగా వదిలేస్తోందో, ఏది నెమ్మది మిగులుస్తోందో ఆయన గమనించసాగారు. మరుసటి ఏడాది మన్రేసాలో నెలల తరబడి ప్రార్థనలో గడిపినప్పుడు రాసుకున్న గమనికలే ‘ఆధ్యాత్మిక సాధనలు’ పుస్తకానికి మూలం. 1548లో మూడో పౌలు పోపు దాన్ని ఆమోదించారు. పూర్తిగా చేస్తే దాదాపు 30 రోజులు పడుతుంది. పనులు వదిలి రాలేనివాళ్లు రోజుకు గంటన్నర చొప్పున చేసుకోవచ్చని అందులోని 19వ సూచన చెబుతుంది. సంసారులకు ఆయన మొదటే చోటిచ్చారు.

1660ల్లో ఫ్రాన్సులోని వాన్ పట్టణంలో మగవాళ్ల కోసం ఒక రిట్రీట్ గృహం వెలిసింది. స్త్రీల కోసం కాథరిన్ ద ఫ్రాంష్‌విల్ తన సొమ్ముతో వేరే ఇల్లు కట్టించారు. ఆమెను తలచుకునేవారు తక్కువ. వారాంతపు రిట్రీట్‌కు ఊపు వచ్చింది న్యూయార్కులో. 1909లో యేసుసభ గురువు టెరెన్స్ షీలీ గృహస్థులతో మొదలుపెట్టి, 1911 నాటికి స్టాటెన్ ఐలాండ్‌లో మౌంట్ మన్రేసా గృహాన్ని నిలబెట్టారు.

ఇక రిట్రీట్‌లో మనం వెతికే దేవుని సన్నిధిని సూటిగా అనుభవించిన మార్మికుల సంగతి. 1373 మేలో ఇంగ్లండులోని నార్విచ్‌లో జూలియన్ అనే ముప్పయ్యేళ్ల స్త్రీ చావు అంచున ఉండగా 16 దర్శనాలు పొంది, వాటిని రాసిపెట్టింది. ఆ పుస్తకం శతాబ్దాల పాటు కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయి, 1901లో వచ్చిన కొత్త ముద్రణతో మామూలు పాఠకులకు చేరింది. పదేళ్లకు ఎవెలిన్ అండర్‌హిల్ ‘మిస్టిసిజం’ రాశారు. ఆమె గురువు కాదు, మఠకన్య కాదు. ఒక లాయరు భార్య. దేవుని సన్నిధిని అనుభవించడం ఎవరో కొందరి సొత్తు కాదని ఆమె గట్టిగా నమ్మారు. 1924 నుంచి ఎసెక్స్‌లోని ప్లెషీ అనే పల్లెలో తానే రిట్రీట్లు నడిపారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక స్త్రీ ఆ పని చేయడం అప్పటికి పెద్ద సాహసం. మార్మికుల అనుభవాన్ని మామూలు విశ్వాసి ప్రార్థనతో ముడిపెట్టిన ఘనతలో పెద్ద వాటా ఆమెదే అంటాను.

మీ విచారణలో రిట్రీట్ పెట్టుకునేటప్పుడు ఇగ్నేషియస్ రాసిన 2వ సూచన ఒక్కసారి చదవండి. నడిపించేవారు క్లుప్తంగా చెప్పి ఆగాలి, మిగతాది ప్రార్థించేవారే కనుగొనాలి అని దాని సారం. దయచేసి రెండు రోజులనూ ప్రసంగాలతో నింపకండి. జూలియన్ గురించి అరగంట చెప్పండి, తర్వాత రెండు గంటలు వాళ్లను వాళ్లకు వదిలేయండి.