గుడ్డు పెంకునకు సున్న మెక్కడిది?

కోడిగుడ్డు పెంకు ఇంచుమించు సున్నపురాయియే. ఒక్కొక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియము కలదు. గింజలు తిను పక్షి కింత సున్న మెక్కడ దొరకును?

లండను వైద్యుడు జార్జి ఫోర్డయిస్ 1791లో ప్రకటించిన గ్రంథమున కెనేరీ పిట్టల ముచ్చట వ్రాసెను. గుడ్లు పెట్టు కాలమున కొన్ని పిట్టలకు పాత గోడసున్నపు ముక్క నిచ్చి, కొన్నింటికి ఈయక పోల్చి చూచెను. సున్నము లేనివి గుడ్డు బయటపడక తరచు మరణించెను. సామాన్యమైన పరీక్షయే, కాని ఇంత తేటగా ప్రశ్నించినవారు అంతకుముందు అరుదు.

1799లో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లె, క్రోమియమును కనుగొన్న ప్రజ్ఞావంతుడు, ఒక కోడికి ఓట్లు మాత్రమే పెట్టి లెక్క కట్టెను. తిన్న సున్నముకంటె గుడ్లలోను రెట్టలోను వెలువడిన సున్నమే ఎక్కువయ్యెను! కోడి సున్నమును సృష్టించునని దీనినిబట్టి వాదించినవారును కలరు. మనము అంత దూరము పోనక్కరలేదు. గుడ్లు పెట్టు పెట్ట తన ఎముకల నడిమి బోలులో ప్రత్యేకమైన మెత్తని ఎముకను పెంచుకొనును. రాత్రివేళ పెంకు కట్టునపుడు అందుండి కాల్షియమును తీసికొనును. పోపులడబ్బాలో ఇల్లాలు దాచిన చిల్లర వంటిదే ఇదియు.

ఇరువదవ శతాబ్దిలో కోళ్లు పెరడు విడిచి తీగెల అరలలో చేరినవి. అప్పుడు కోడిపిల్లలకు కాళ్లజబ్బు విపరీతమయ్యెను. మడమకీలు ఉబ్బి, స్నాయువు పక్కకు జారి, కాలు మెలిదిరిగెడిది. పిల్ల మేతతొట్టి వరకు నడువలేక చచ్చెడిది. ఎముక జబ్బు గదా అని ఎముకపొడిని ఇంకను పెంచినచోట జబ్బు ముదిరెను! 1936లో కార్నెల్ విశ్వవిద్యాలయమువారగు విల్గస్, నారిస్, హ్యూజర్ అనువారు దీని గుట్టు విప్పిరి. లోపించినది మాంగనీసు. అధికమైన కాల్షియము, భాస్వరము ఆ కొద్దిపాటి మాంగనీసును సైతము ఒంటబట్టనీయకుండెను.

కోడిపిల్లకు కావలసినది కిలో మేతకు 60 మిల్లీగ్రాములు మాత్రమే. తవుడులో అది సమృద్ధిగా కలదు. మొక్కజొన్నలో బహు స్వల్పము. నేడు మన కోళ్లఫారముల మేతలో మొక్కజొన్నయే ప్రధానము గనుక, మాంగనీసు లవణమును టన్నుకు గ్రాముల లెక్కన తూచి కలుపుచున్నారు.